ఎందుకో రాయని పిల్ల

పబ్లిక్ పరీక్షకు ముందు పెట్టే మొదటి ప్రిపరేటరీ పరీక్ష పేపర్లు చూపిస్తామని బడివాళ్లు తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు గంగరత్నమ్మ పొద్దున్నుంచీ కాఫీ చుక్క కూడా ముట్టలేదు. మంచి చెప్పడానికయితే ఎవరూ పిలిపించరనేది ఆమె గట్టి నమ్మకం.

"పాసయింటే పిల్ల చేతికే ఇచ్చి పంపుతారు గదమ్మా, మనల్నేల పిలుస్తారు?" అని బస్సులో పక్కన కూర్చున్న రశ్మివాళ్లమ్మను రెండుసార్లు అడిగింది.

"అందర్నీ పిలిచినారక్కా. మా రశ్మికి డెబ్భై వచ్చినాయంట, నన్నూ పిలిచినారు."

ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. డెబ్భై వచ్చిన పిల్ల తల్లి పక్కన కూర్చుని దిగడమెట్లా అన్న కొత్త దిగులొకటి పట్టుకుంది.

భయపడినంతా అయింది. సైన్సులో ఎనభైకి ఇరవైనాలుగు. అంకె చుట్టూ ఎర్ర సిరాతో పెద్ద గుండ్రం. పదో తరగతికి సైన్సు చెప్పే పురుషోత్తమ్ మేష్ట్రు ఆ పేపరు ఆమె ముందు పరిచి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"చూడమ్మా, మీ మంజుశ్రీ తప్పులు రాసే పాప కాదు. నాకు కోపమొచ్చేది దానికే."

"తప్పు రాయకుంటే మార్కులు యాడికి పోయినాయి సార్?"

"పేపర్లోకే రాలేదు. సగం దగ్గరే పెన్ను ఎత్తేస్తాది. ఇదో చూడు, చిప్స్ పొట్లంలో నైట్రోజన్ ఎందుకు నింపుతారు? 'చెడిపోకూడదని.' అంతే. రాగి పాత్రలో పెరుగు ఎందుకు నిలవ ఉంచరు? 'ఉంచకూడదు.'" ఆ మాట కింద మేష్ట్రు ముందే రెండు గీతలు గీసి పెట్టాడు. "ఇది జవాబామ్మా? అత్త కోడలికి చెప్పినట్టుండాది."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. గంగరత్నమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుంది. ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది గాని, పేపర్లోని కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. మేష్ట్రు వేలు పెట్టిన తర్వాతి ప్రశ్న ఆమే చదివింది. సుట్టసుణ్ణం, అంటే కాల్చిన సున్నపురాయి. దాని మీద నీళ్లు పోస్తే ఏం గమనిస్తారు, కారణమేమి? మూడు మార్కులు. కింద మంజుశ్రీ గుండ్రటి అక్షరాల్లో రెండే ముక్కలు. 'వేడవుతుంది.' పక్కన ఎర్రగా ఒకటి.

"నిజమే గదా సార్, వేడవుతాది. మేము పట్టుపురుగులింటికి ఏటా సున్నం కొడతాము."

"నిజమే. ఒక మార్కు నిజం. మూడు మార్కులంటే మూడు చెప్పాలమ్మా. ఏం జరిగింది? ఎందుకు జరిగింది? జరిగిందని నీకెట్ల తెలిసింది, కంటితో ఏం చూసినావు? మీ పాప మొదటిది రాసి పెన్ను మూసేస్తాది. ఈ పేపరంతా వెదికినా 'ఎందుకంటే' అనేది ఒక్కటీ లేదు. క్లాసులో నిలబెట్టి ఎందుకు పాపా అంటే కింద చూస్తాది. తెలీక కాదు, తెలిసే చూస్తాది. రెండో ప్రిపరేటరీ ఇంకా నాలుగు వారాలుండాది. దాంట్లో గూడా ఇట్లే రాస్తే పబ్లిక్ పరీక్షలో నేను చేసేదేమీ ల్యా."

తిరుగు బస్సులో గంగరత్నమ్మ తన కుడిచేతి వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. పెళ్లికి ముందు ఏడేళ్లు శిడ్లఘట్టలో పట్టుదారం తీసే రీలింగ్ యూనిట్‌లో చేసింది. మరిగే నీళ్లలో గూళ్లు తిప్పుతూ దారం కొసలు పట్టి తీసీ తీసీ వేలి కొసల మీద గీతలన్నీ అరిగిపోయాయి. ఇప్పటికీ రేషను షాపులో బొటనవేలు పెడితే మిషను ఆమెను గుర్తుపట్టదు. ప్రతి నెలా వెనక నిలబడినవాళ్లు విసుక్కుంటుంటే, వేలు తుడిచి తుడిచి నాలుగుసార్లు పెట్టాలి. పిల్ల సైన్సులో తప్పితే ఏముంది, చింతామణిలో కాలేజీ చదువు మాట మరిచిపోయి అదే మరిగే తొట్టి ముందు కూర్చుంటుంది, దాని బొటనవేలూ అరిగిపోతుంది, దాన్నీ ఏ మిషనూ గుర్తుపట్టదు. బస్సు ఊళ్లోకి వచ్చేలోగా మంజుశ్రీకి ముసలితనం కూడా వచ్చేసింది ఆమె ఆలోచనలో.

ఆ సాయంత్రమే పాఠం మొదలుపెట్టింది. సైన్సు తనకు రాదు. కాని మేష్ట్రు చెప్పిన ఆ మూడు ప్రశ్నలు వచ్చు కదా, వాటితోనే పిల్లను లొంగదీస్తాననుకుంది.

"మంజూ, పొద్దున పాలు పొంగిపోయినాయి. ఏమైంది?"

"పొంగిపోయినాయి."

"ఎందుకు?"

"నువ్వు చూసుకోలే."

గరిటె గాల్లోకి లేచింది. "నన్ననేది నేర్చుకున్నావా! సైన్సులో చెప్పు!"

"సైన్సులో అయినా నువ్వు చూసుకోలేదు గదా మా."

మూల కూర్చుని, పురుగులు ఎక్కి గూళ్లల్లే వెదురు చంద్రికెలకు తడికె సరిచేస్తున్న ఆమె మొగుడు మునిశామప్ప నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. అతను మాట తక్కువ మనిషి. పొద్దున పాల కేను బండికి కట్టుకుని డైరీకి పోవడం, మధ్యాహ్నం తోట, సాయంత్రం ఆకు కోత. పొద్దుటి ఆకు కోత మాత్రం గంగరత్నమ్మది.

నాలుగు రోజులు ఇట్లాగే నడిచింది. ఏమడిగినా మంజుశ్రీ మొదటి ముక్క చెప్పి నేల చూసేది. ఎందుకు అనగానే నోటికి తాళం పడేది. గంగరత్నమ్మ బతిమాలింది, తిట్టింది, దేవుడికి మొక్కింది, చివరికి తల కూడా కొట్టుకుంది. "నోట్లో ముత్యాలుండాయా, రాలిపోతాయా?" అంటే ఆ పిల్ల ఏమీ అనకుండా ఆకు బుట్ట ఎత్తుకుని పురుగులింట్లోకి పోయేది.

సాయంత్రాలు చాలవని గంగరత్నమ్మకు అనిపించింది. బడిలో ఎనిమిదింటికి స్పెషల్ క్లాసు పెట్టారు, బస్సు ఏడున్నరకు. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక గంట కలిసొస్తుంది. కాని ఆ గంట దొరకాలంటే ఆకు కోత ముందే అయిపోవాలి.

ఇక్కడే ఆమె చేయకూడని పని చేసింది. జనవరి నెల, మల్బరీ తోట మీద మంచు దుప్పటిలా పడుతుంది. ఎండ తగిలి ఆకు మీది తడి ఆరాకే కొమ్మ కోయాలని పట్టుపురుగులు పెంచే ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. గంగరత్నమ్మకు తెలియక కాదు. పురుగులు నాలుగో జ్వరం లేచి, కడసారి తిండి మీద ఉన్నాయి. జ్వరమంటే రోగం కాదు, పురుగు తిండి మానేసి కదలకుండా పడుకుని పాత చర్మం వదిలే రోజుల్ని ఈ వైపు అట్లాగే అంటారు. నాలుగోసారి లేచాక అవి తినే తిండి అంతా ఇంతా కాదు, పురుగులింట్లోకి అడుగుపెడితే రేకుల మీద వాన పడుతున్న చప్పుడు. ఆ ఆకలికి ఏదైనా చెల్లుతుందిలే అనుకుంది. తెల్లారక ముందే ఫోను లైటు వెలుగులో కొమ్మలు కోసి, పాత చీరతో పైపైన తుడిచి, ర్యాకుల మీద పరిచేసింది. మొదటి రోజు గుండె దడదడలాడింది. రెండో రోజు కొంచెం తగ్గింది. మూడో రోజుకి అలవాటయింది.

నాలుగో రోజు పొద్దున మంజుశ్రీ పురుగులింట్లోంచి బయటికి వచ్చింది. "మా, గోడ పక్క ర్యాకులో కింది అరలో పురుగు ఒకటి కట్టె మాదిరి..."

"నోరు ముయ్యి!"

అరవడమే కాదు, చెయ్యి కూడా పోయి పిల్ల నోటికి అడ్డం పడింది.

అది ఆ ఇంట్లో ఆచారం. గంగరత్నమ్మ అత్తగారి నాటి నుంచి వస్తున్నది. పురుగులు ర్యాకుల మీద ఉన్నన్నాళ్లు ఇంట్లో ఎవరూ చెడ్డమాట పూర్తిగా పలకకూడదు. చచ్చిపోయాయి అనకూడదు, 'తగ్గినాయి' అనాలి. రోగమనకూడదు, 'కొంచెం అట్లుండాయి' అనాలి. అత్త పోయింది గాని ఆ ఆచారాన్ని గంగరత్నమ్మ నాలుగింతలు చేసి పెంచింది. పురుగులు ఉన్నా లేకపోయినా, ఇంట్లో ఎవరి నోటా చెడు వాక్యం చివరిదాకా పోనిచ్చేది కాదు. మంజుశ్రీకి ఐదేళ్లప్పుడు "అమ్మా, నాయన బండి మీదినుంచి..." అంటూ పరుగెత్తుకొస్తే నోరు మూసేసి, పిల్ల చెయ్యి పట్టి లాక్కుంటూ ఊరి చివరిదాకా ఏడుస్తూ పోయింది. తీరా చూస్తే బండి మీదినుంచి పడింది సద్ది మూట.

గోడ పక్క కింది అరలో నాలుగు పురుగులు బిగుసుకుపోయి ఉన్నాయి. రెండు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. గంగరత్నమ్మ వాటిని పేపర్లో చుట్టి పొయ్యిలో వేసింది. ఎవరికీ చెప్పలేదు. మరునాడు అవి ఇరవై. పంట పోతుంది, పిల్ల చదువు పోతుంది, అన్నీ ఒక్కసారే పోతాయని ముందే తెలుసు తనకు. అయినా నోరు తెరవలేదు. చెప్తే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

మునిశామప్పే చూశాడు. అక్కడినుంచే ఫోను తీసి పట్టు ఇలాఖాలో, అంటే ప్రభుత్వ పట్టు శాఖలో, పనిచేసే సునీల్‌కుమార్ సారును పిలిచాడు. అతను మరునాడు పొద్దున్నే బైకు మీద వచ్చాడు. అప్పటికి మంజుశ్రీ యూనిఫారం వేసుకుని, బ్యాగు తగిలించుకుని బస్సుకు బయలుదేరుతోంది.

సునీల్‌కుమార్ చెప్పులు బయట విడిచి, సున్నం చల్లిన గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుని లోపలికి వంగాడు.

"ఏమమ్మా, ఎట్లుండాయి?"

"బాగుండాయి సార్. నాలుగైదు తగ్గినాయి, అంతే."

"తగ్గడమంటే?"

గంగరత్నమ్మ కొంగు నలిపింది.

"ఎన్నాళ్లయింది?"

"నిన్న... మొన్న... ఇప్పుడే సార్."

"మొదట మెత్తబడి తర్వాత గట్టిపడిందా, ముందే గట్టిగా ఉన్నిందా?"

"అది చూడలే సార్."

"ఆకు ఎప్పుడు కోస్తాండారు?"

"ఎప్పుడూ కోసే టైముకే."

సునీల్‌కుమార్ నడుం నిటారు చేశాడు. "అమ్మా, నేనేమన్నా పోలీసునా? మీరు సగం చెప్తే నేను సగం మందే గదా చెప్పగల్ను?"

సగం. నెల తిరక్కుండా ఆ మాట వినడం ఆమెకిది రెండోసారి. మొదటిసారి మేష్ట్రు పిల్లనన్నాడు, ఇప్పుడీ సారు తననన్నాడు. ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

గుమ్మం దగ్గర నిలబడిన మంజుశ్రీని చూసి ఆయన అడిగాడు. "ఏం పాపా, నువ్వు చూసినావా?"

మంజుశ్రీ తల్లిని చూసింది. తర్వాత నేల చూసింది.

ఆ చూపు గంగరత్నమ్మ ఎన్ని వందలసార్లు చూసిందో లెక్కలేదు. ఇంట్లో అది పిల్ల అణకువ అనుకునేది. ఇవాళ పరాయి మనిషి ముందర చూసేసరికి అట్లా అనిపించలేదు. మేష్ట్రు ముందూ ఇట్లాగే నిలబడి ఉంటుంది. పరీక్ష హాల్లో పేపరు ముందూ ఇట్లాగే.

"చెప్పు మే" అంది. గొంతు కటువుగా వచ్చింది.

"ఏం చెప్పాల?"

"చూసింది చెప్పు. నేనేమీ అన్ను."

మంజుశ్రీ బ్యాగులోంచి జామెట్రీ బాక్సు తీసింది. మూత తెరిచి సునీల్‌కుమార్‌కు చూపించింది. కోణమానిని పక్కన, దూదిలో, తెల్లగా బిగిసిన పురుగు ఒకటి. గంగరత్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఈసారి తన నోటికే.

"మూడు రోజులయింది సార్. అమ్మ బిగిసినవి పొయ్యిలో ఏసినాక, పక్కనే కదలకుండా పడింది ఇంకొకటి తీసి పెట్టుకున్న్యా. తీసినప్పుడు మెత్తగా ఉన్నింది. సాయంత్రానికి కట్టె మాదిరి అయింది. తెల్లారి చూస్తే పైన తెల్లగా పిండి పట్టింది. గోడ పక్క ర్యాకులోనే ఎక్కువుండాయి సార్, గోడ చెమ్మగా ఉండాది. కిటికీ పక్క ర్యాకులో ఒక్కటీ ల్యా. అందుకే ఇది చెమ్మకు వచ్చే బూజు అనుకుంటా సార్. ఎందుకంటే..."

ఆగిపోయింది.

"ఎందుకంటే?" సునీల్‌కుమార్ ముందుకు వంగాడు.

మంజుశ్రీ పెదవులు బిగించింది. మునిశామప్ప పిల్ల వైపు చూశాడు, తర్వాత భార్య వైపు. ఆ మిగిలిన మాట ఏమిటో గంగరత్నమ్మకు తెలుసు. ఆ మాట తన గురించే. పిల్ల దాన్ని మింగేస్తే తను బతికిపోతుంది. సారు ఏదో ఒక పౌడరు రాసిస్తాడు, మొగుడికి ఎప్పటికీ తెలియదు, ఊళ్లో ఎవరూ నవ్వరు. ఒక్క కనుసైగ చాలు, మంజుశ్రీ ఆగిపోతుంది. పదిహేనేళ్లుగా ఆగుతూనే ఉంది.

"చెప్పు మే" అంది గంగరత్నమ్మ. "ఎందుకో గూడా చెప్పి చావు. అదొక్కటే గదా నీకు రాంది!"

"ఎందుకంటే మా అమ్మ మంచు ఆరకముందే ఆకు కోస్తాంది సార్. ఆరు రోజులనుంచి. నన్ను చదివించడానికి టైము చాలదని. తడి ఆకు వల్ల పురుగుల పడకంతా చెమ్మ పట్టింది."

సునీల్‌కుమార్ పడక మీది ఆకు ఒకటి తీసి వేళ్లతో నలిపి చూశాడు.

"ఆరు రోజులా?" అన్నాడు మునిశామప్ప.

గంగరత్నమ్మ దెబ్బకు సిద్ధపడినట్టు భుజాలు దగ్గరికి తీసుకుంది. ఈ ఇంట్లో అతను చెయ్యెత్తింది ఎప్పుడూ లేదు. అయినా సిద్ధపడింది.

"నాకొక మాట చెప్పింటే పాలు పోసొచ్చి నేనే కోసేవాణ్ణి గదా. ఎండ వచ్చినాకే" అన్నాడతను. అంతే. తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు.

సునీల్‌కుమార్ ఇవేవీ పట్టించుకోలేదు. గోడ పక్క ర్యాకు మొత్తం తీసేసి గుంటలో కాల్చమన్నాడు. మిగిలిన పడకల మీద పొడి సున్నం చల్లమన్నాడు, కిటికీలు తెరవమన్నాడు, తడి ఆకు వంక కూడా చూడొద్దన్నాడు. "మూడొంతులు దక్కుతాయి. ఇంకో రెండు రోజులు దాచిపెట్టింటే చంద్రికె ఎక్కడానికి ఒక్కటి మిగిలేది కాదు" అని బైకు ఎక్కుతూ, "పాపా, నీ రిపోర్టు మా ఆఫీసులోవాళ్లకంటే మేలుగుండాది" అన్నాడు.

ఏడున్నర బస్సు పోయింది. గంగరత్నమ్మ కాలుతున్న ర్యాకు పడకల ముందు నిలబడి, ఇంత సేపూ ఆపుకున్న కోపమంతా పిల్ల మీద కుమ్మరించింది.

"ఈడ ఇంత మాటకారివి అయితివే! చచ్చిన పురుగును బాక్సులో పెట్టుకుని మరీ చెప్తివే! పేపర్లో ఏం రోగం నీకు? చేతులు పడిపోతాయా?"

చచ్చిన అన్న మాట తన నోటే వచ్చిందని ఆమె గమనించలేదు. మంజుశ్రీ గమనించింది.

"పేపర్లో ఎందుకు అని చూస్తానే నువ్వు గుర్తొస్తావు మా."

"నేనేం చేస్తి?"

"మన ఇంట్లో ఎందుకు అనేది దెబ్బకు ముందే గదా వస్తాది. ఎందుకు పగలగొట్టినావు, ఎందుకు లేటయింది, ఎందుకు చూసినావు. ఎందుకో చెప్తే ఇంకో దెబ్బ. అందుకే నేను చెప్పేది మానుకున్న్యా."

గంగరత్నమ్మ కట్టె తీసుకుని మంటను కదిలించింది. కదిలించాల్సిన అవసరమేమీ లేదు. "నోరు ముయ్యి" అనబోయింది. అనకుండా మంటలోకి ఇంకో కట్టె తోసింది.

ఆ మధ్యాహ్నమే సున్నం కావలసి వచ్చింది. ఇంట్లో ఉన్న పొడి చాలక, మునిశామప్ప కాల్చిన సున్నపురాళ్లు తెచ్చి మట్టి తొట్టిలో పోశాడు. ఇంతకుముందు ఈ పని చేసేటప్పుడు మంజుశ్రీని వీధి గడప దాటి రానిచ్చేది కాదు గంగరత్నమ్మ. ఎనిమిదేళ్ల కిందట ఇట్లాగే తొట్టిలో నీళ్లు పోస్తుంటే చిమ్మి ఆమె మోచేతి మీద పడింది. ఇప్పటికీ ఆ చోట రూపాయి బిళ్లంత మచ్చ.

"రా. చూడు" అంది. "రావొద్దు, ఆడనే నిలబడు. ఇంకొంచెం దూరం. ఇంకా!"

"ఇంత దూరంనుంచి తొట్టే కనపడదు మా."

"కళ్లకు తగిలితే? గుడ్డిదయిపోతే?"

"ఏం జరిగింది అని అడుగుతారు గదా పరీక్షలో. చూడకుండా ఏం రాయాల?"

గంగరత్నమ్మ పళ్లు కొరుక్కుంది. రెండడుగులు ముందుకు రానిచ్చింది. తర్వాత ఇంకో రెండు. చివరికి పిల్ల భుజం గట్టిగా పట్టుకుని, కొంగుతో దాని ముఖం సగం కప్పి, మిగిలిన సగంతో చూడమంది. మునిశామప్ప నీళ్లు పోశాడు. రాళ్లు చిటపటలాడాయి, బుసబుసమంటూ ఆవిరి లేచింది, పొయ్యి లేకుండానే తొట్టి ఉడికింది. రాళ్లు పగిలి, ఉబ్బి, తెల్లటి పిండిగా కుప్పకూలాయి. మంజుశ్రీ కొంగు చాటునుంచే గొణుగుతోంది. "శబ్దం వస్తుంది. ఆవిరి వస్తుంది. పాత్ర వేడవుతుంది. ఎందుకంటే సుట్టసుణ్ణం నీళ్లతో కలిసేటప్పుడు శాఖం, అంటే వేడి, బయటికి వదులుతుంది."

"చాలు, చాలు, వెనక్కి రా!" అంది గంగరత్నమ్మ.

మిగిలిన పురుగులు చంద్రికె ఎక్కి గూళ్లు అల్లాయి. ఆ గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయాయి. రెండో ప్రిపరేటరీ కూడా అయిపోయింది. పేపర్లు ఈసారి పిల్లల చేతికే ఇచ్చి పంపారు. అందుకూ భయమే గంగరత్నమ్మకు. పోయినసారి పిలిచి చూపించారు, ఈసారి పిలవలేదంటే ఇక చెప్పి లాభం లేదనుకున్నారా?

బస్సు దిగి మంజుశ్రీ ఇంటికి వచ్చేలోగా వీధిలో గంగరత్నమ్మకు రశ్మివాళ్లమ్మ ఎదురొచ్చి నవ్వింది.

"ఏమక్కా, నీ మోచెయ్యి మా రశ్మి క్లాసంతా చదివిందంట!"

ఆ మాటకు తలా తోకా తెలియక గంగరత్నమ్మ పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి పిల్ల చేతిలోంచి పేపరు లాక్కుంది. ఎనభైకి నలభైమూడు. పాసే. సున్నం ప్రశ్న ఈసారీ వచ్చింది. ఆమె వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివింది. చిటపట శబ్దం, ఆవిరి, పాత్ర వేడెక్కడం, ఇది బహిరుష్ణక క్రియ, అంటే వేడిని బయటికి వదిలే చర్య అనడం, సమీకరణం, అన్నీ ఉన్నాయి. ఆ కింద ఇంకో వాక్యం. 'ఈ శాఖం ఎంత ఉంటుందంటే, మా అమ్మ మోచేతి మీద పడిన మచ్చ ఎనిమిదేళ్లయినా పోలేదు, నేను రోజూ చూస్తున్నాను.' దాన్ని మేష్ట్రు ఎర్రగా కొట్టేసి పక్కన 'అనవసరం' అని రాశాడు. మూడు మార్కులూ వేశాడు.

"నా మచ్చ సంగతి ఊరందరికీ చెప్తావా? సిగ్గు లేదా?"

"ఎట్ల తెలిసిందో రాయాలన్నావు గదా. నాకు అట్లే తెలిసింది."

గంగరత్నమ్మ పేపరు మొదటి నుంచి తిరగేసి, 'ఎందుకంటే' ఉన్న చోటల్లా గోటితో గుర్తు పెడుతూ లెక్కపెట్టింది. తొమ్మిది. చివరి పేజీలో మూడు ప్రశ్నలకు మళ్లీ పాత కథే, ఒక్కో ముక్క రాసి వదిలేసింది. ఆఖరిదానికి ప్రశ్న నంబరు మాత్రమే ఉంది. నాలుగు మార్కులది. పబ్లిక్ పరీక్ష ఇంకో నెల కూడా లేదు. అక్కడ దిద్దేది పురుషోత్తమ్ మేష్ట్రు కాదు, ఏ ఊరి మేష్ట్రో, ఎంత కఠినుడో.

"ఇవి ఎందుకు వదిలేసినావు?" అని అరిచింది.

మంజుశ్రీ తల దించుకుంది. చూపు నేల మీదికి పోయింది.

గంగరత్నమ్మకు తన గొంతు తనకే వినిపించింది. చెయ్యి అప్పటికే కొంచెం లేచి ఉంది. దాన్ని కిందికి దించి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, పీట మీద కూర్చుంది. కూర్చుని ఎదురుచూసింది. ఎదురుచూడడం ఆమెకు ఎప్పుడూ చేతకాని పని. పొయ్యి మీద పాలు సన్నగా పైకి వస్తున్నాయి, అదీ కనిపిస్తోంది. అయినా లేవలేదు.

"టైము చాల్లేదు మా" అంది మంజుశ్రీ చాలాసేపటికి. "నీ మచ్చ గురించి ఎట్ల రాయాలో ఆలోచిస్తానే కూర్చున్న్యా. దాంట్లోనే పది నిమిషాలు పోయింది."

పాలు పొంగాయి.